మూడు హెచ్చరికలు



ఈ ధర్మనిధి ఎవరి స్మృత్యర్థము నెలకొల్పబడినదో ఆమె పేరు ఆహ్వానపత్రికయందు గాని, ఈ వేదిక వెనుక కట్టిన వస్త్రముమీద గాని మీకు కనబడి యుండదు. అది నిర్వాహకుల ఏమరుపాటు కాదు. నలువది ఏండ్లు భద్రాచలము మన్యములో నర్సమ్మగా పనిచేసి, తాను కూడబెట్టిన కొద్దిపాటి ధనమును ఏటేట నొక ఉపన్యాసమునకై విడిచిపోయిన ఆ యిల్లాలు రెండే నియమములు పెట్టినది: తన పేరు వేయరాదనియు, వచ్చిన వక్త ఎంతటి పండితుడైనను బాలింతలకు పనికివచ్చు మాట ఒకటైనను చెప్పిగాని వేదిక దిగరాదనియు. మొదటిదానిని పాటించుటకు మౌనము చాలును. రెండవదానిని పాటింపబూనియే, శాస్త్రకారులు స్తనవిద్రధి యనియు, మన యిండ్లలో పాలగడ్డ యనియు పిలుచు వ్యాధిని నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని.

విషయము ప్రకటితమైన పిమ్మట మిత్రుడొకడు నా యొద్దకు వచ్చి, రాములవారి కోవెలకు కూతవేటు దూరమున జరుగు సభలో రొమ్ము అను మాట పదేపదే పలుకుట మర్యాదగా నుండునా యని సంకోచపడెను. ఆ సంకోచమే యీ వ్యాధికి సగము కారణమని బదులు చెప్పితిని. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్న క్షణముననే అత్తగారికి చెప్పుకొను కోడలు, రొమ్ము సలుపుచున్న మూడు దినములును పైట బిగించుకొని పని చేసికొనుచుండును. నాలుగవనాడు చలి పుట్టి ఒళ్లు కాలిపోవునప్పుడు నోరు విప్పినను, జ్వరమని చెప్పునే గాని ఆ జ్వరము పుట్టిన చోటు చెప్పదు.

భద్రాచలములో పెరిగిన బిడ్డకు ఎక్కములతో పాటు మూడంకెలు కంఠస్థమగును. గోదావరి 43 అడుగులకు వచ్చినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నది 75 అడుగులు దాటినప్పుడును, 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడును ఊరికి ఊరే ఆ అంకెలు వినుచు రాత్రులు గడపినది. మొదటి హెచ్చరికనాడు మూటలు కట్టుకొనుటకు వ్యవధి యుండును. రెండవనాడు దారియైన మిగిలియుండును. మూడవది వినబడిన పిమ్మట పడవకై ఎదురుచూచుట తప్ప వేరు గతి యుండదు. శరీరమునందలి వాపునకు సైతము ఇట్టి మట్టములు గలవని సుశ్రుతసంహిత ఏనాడో చెప్పియున్నది. అందలి సూత్రస్థానమున వాపునకు ఆమము, పచ్యమానము, పక్వము అని మూడవస్థలు వర్ణింపబడినవి. ఆమమైన వాపు గట్టిగా, చర్మపు రంగుననే, కొద్దిపాటి వేడితో, కొద్దిపాటి నొప్పితో నుండును. పచ్యమానమైనది సూదులతో పొడిచినట్లు, చీమలు కుట్టినట్లు సలుపుచు, జ్వరమును దాహమును అరుచిని వెంటబెట్టుకొని వచ్చును. పక్వమైనపుడు నొప్పి తగ్గి, పైచర్మము ముడుతలుపడి, వ్రేలితో నొక్కినచో లోపల ద్రవము కదలును. పచ్చిదానిని కోయువానిని, పండినదానిని ఉపేక్షించువానిని ఆ గ్రంథము ఒకే గాట గట్టి తిట్టినది. నేను శస్త్రవైద్యము నేర్చుకొన్న ఆంగ్లగ్రంథములలో ఇంత సూటియైన మాట మరల నాకు కనబడలేదు. ఇందులో మూడవ అవస్థ మిక్కిలి మోసకారి. నొప్పి తగ్గినది గదా యని ఇంటివారు ఊపిరి పీల్చుకొనునది సరిగా చీము నిండిన వేళయే.

ఈ మట్టములను నేను గ్రంథములో చదివితినే గాని, మనిషిమీద చదువుట ఆ నర్సమ్మ యొద్దనే నేర్చితిని. నేర్చిన విధము నాకు గౌరవప్రదమైనది కాదు.

పందొమ్మిదివందల ఎనుబదులనాటి మాట. అడవి అంచుననున్న ఒక చిన్న ఆరోగ్యకేంద్రములో నేను కొత్తగా చేరిన వైద్యుడను. మాఘమాసమున మిరపతోటలు ఎర్రబడినప్పుడు, కాయలు ఏరుటకై సరిహద్దు అవతలనుండి, అనగా నాటి మధ్యప్రదేశము, నేటి ఛత్తీస్‌గఢ్ నుండి, కోయకుటుంబములు నడచి వచ్చి గోదావరి యొడ్డు పల్లెలలో గుడిసెలు వేసికొని రెండు మూడు నెలలుండుట నాడును గలదు, నేడును గలదు. అట్లు వచ్చిన వారిలో ఇరువది యేండ్ల బాలింత యొకతె వణకుచు వచ్చినది. మన్యములో వణకుచు వచ్చినవారికి ఏమి చేయుదురో మీ రెరుగుదురు. నేనును అదియే చేసితిని: వ్రేలు పొడిచి గాజుపలకమీద రక్తము తీసి, క్లోరోక్విన్ మాత్రలు లెక్కపెట్టి యిచ్చి పంపితిని. మూడవనాడు ఆమె మరల వచ్చినది. జ్వరము తగ్గలేదు. నేను మాత్రల మోతాదును గూర్చి ఆలోచించుచుండగా, నర్సమ్మ నా బల్లకు ఇవతల నిలిచియే కోయభాషలో ఆమెను ఒక్క ప్రశ్న అడిగినది. దాని అర్థము తరువాత నాకు చెప్పినది: "పిల్లోడు రెండు పక్కలా తాగుతుండా అమ్మా?" ఆ పిల్ల తల వంచుకొని, ఎడమప్రక్క ముట్టుకొననీయలేకున్నానని చెప్పినది. తెర చాటునకు తీసికొనిపోయి చూచినప్పుడు ఎడమరొమ్మున వెలుపలి భాగము నిగనిగలాడుచు, చర్మము పలుచనై, నడుమ నల్లబడియుండెను. ఆనాడు కోసిన గాయమునుండి అరసోలెడు చీము వెడలినది. గాయము మానుటకు నెల పట్టినది. ఆ నెల ఆమెకు కూలి లేదు; పాలు సగమై బిడ్డ చిక్కిపోయినాడు. గాజుపలక ఫలితము వచ్చునప్పటికి ఆమె గుడిసె ఖాళీయై యుండెను. రక్తమున మలేరియా లేదు.

మలేరియాను అనుమానించుట నా తప్పు కాదు. ఈ ప్రాంతములో అనుమానింపకుండుటయే తప్పు. చలిజ్వరమనగానే చూపు రక్తపు చుక్కమీదనే నిలిచిపోవుట నా తప్పు. నేడు పలకకు మారుగా పావుగంటలో తెలియు పరీక్షాపట్టీలు వచ్చినవి. కాని పరీక్షాపట్టీకి రొమ్ము కనబడదు. ప్రసవమైన నెలలలో జ్వరమని వచ్చిన తల్లిని గర్భాశయమును గూర్చి, మూత్రమును గూర్చి అడిగినట్లే రొమ్మును గూర్చియు అడుగవలెను, అడిగి చూడవలెను. పురుషవైద్యుడు చూచుటకు ఆమె యొప్పుకొనకున్నచో నర్సమ్మ చూడవలెను. ఎవరును చూడకుండుట మాత్రము వైద్యము కానేరదు.

వ్యాధి ఎట్లు పుట్టునో కొంత వివరింతును. పాలిచ్చు రొమ్ము నిరంతరము పారు కాలువవంటిది. బిడ్డ త్రాగినకొలది పాలు చేపును. త్రాగుట ఆలస్యమైనకొలది లోపల పేరుకొనును. పేరుకొన్న పాలు గడ్డకట్టి దారిని మూయునని మా తరమువారు నేర్చుకొంటిమి, నేర్పితిమి. నేటి శాస్త్రము ఆ చిత్రమును కొంత మార్చినది. దారిలో గడ్డకట్టి అడ్డుపడు పాలకంటె దారి గోడల వాపే ప్రధానమని తేలుచున్నది. మిరపతోట గలవారికి ఇది చెప్పిన వెంటనే బోధపడును. నల్లరేగడిలో తవ్విన బోదె, మట్టి తడిసి ఉబ్బినప్పుడు, లోన చెత్త యేమియు పడకున్నను ఇరుకై మూసికొనును గదా. ఆ స్థితిలో బోదెను గునపముతో పొడిచిన ఒడ్లు విరుగునే గాని నీరు పారదు. అట్లే వాచిన రొమ్మును గట్టిగా పిసికి గడ్డ కరగింపజూచుట వాపును పెంచును, లోపలి సన్నని నాళములను చిదుకగొట్టును.

దీనికి సూక్ష్మజీవి తోడగుట రెండవ మెట్టు. 1880 ప్రాంతమున స్కాట్లండు దేశమందలి ఆబర్డీను నగర శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీమును సూక్ష్మదర్శినిలో చూచి, ద్రాక్షగుత్తులవలె గుమిగూడిన బీజములను కనుగొని, ద్రాక్షగుత్తికి గ్రీకుభాషలో నున్న పేరునే పెట్టి స్టాఫిలోకాకస్ అనెను. పాలగడ్డలలో సామాన్యముగా కనబడునది ఆ జాతియే. అది ఎక్కడనుండియో ఎగిరివచ్చు భూతము కాదు. మన ముక్కులలోను చర్మముమీదను కాపురముండును. 1950ల దశకమున పాశ్చాత్యదేశముల ప్రసూతిశాలలలో పాలగడ్డలు మూకుమ్మడిగా వచ్చినప్పుడు విచారించి చూడగా, దాదుల చేతులనుండి శిశువుల ముక్కులకు, శిశువుల ముక్కులనుండి తల్లుల రొమ్ములకు ఈ బీజము ప్రయాణము చేసినట్లు తెలిసినది. చనుమొన పగిలినచోట దానికి ద్వారము దొరకును. చనుమొన పగులుటకు ముఖ్యకారణము బిడ్డ దానిని కొసన మాత్రమే పట్టుట; మొన చుట్టునున్న నల్లని వలయము సైతము బిడ్డ నోటిలో చాలభాగము ఇమిడినప్పుడు మొన నలుగదు. ఈ చిన్న మెలకువను మొదటి వారములో ఎవరైన చేయిపట్టి నేర్పినచో ఎన్నో గడ్డలు పుట్టకయే పోవును.

మా ప్రాంతమున మూడవ కారణమొకటి గలదు, దానిని వైద్యగ్రంథములలో వెదకిన దొరకదు. పాలగడ్డలు ఎక్కువగా వచ్చునది ప్రసవమైన మొదటి ఆరువారములలోను, ఆపైన మూడునెలలవరకును. సరిగా ఆ కాలమున మిరప ఏరుటయో, వేసవిలో తునికాకు కోతయో వచ్చినచో, తల్లి తెల్లవారుజామున బిడ్డకు పాలిచ్చి, గట్టుమీద చెట్టుకొమ్మకు ఊయల కట్టి, అక్కపిల్లను కాపుంచి, మరల మధ్యాహ్నము కూటివేళవరకు రొమ్ము బిగబట్టుకొని పని చేయును. కొందరు బిడ్డను గూడెములోనే అవ్వకు వదలి వత్తురు. తునికాకు అమ్మునది కట్టల లెక్క, మిరప ఏరుడు కొలత లెక్క. పాలిచ్చుటకు లేచిన ప్రతిసారియు కూలి తరుగును. కనుక ఈ వ్యాధిని అపరిశుభ్రతకు, దిష్టికి, పథ్యము తప్పుటకు అంటగట్టువారితో నేను ఏకీభవింపను. ఇది ఎడము వలన పుట్టు వ్యాధి. ఒక పాలవేళకు మరియొక పాలవేళకు నడుమ ఎడము దానిని పుట్టించును. మొదటి సలుపునకు మొదటి పరీక్షకు నడుమ ఎడము దానిని చీముగా పండించును. తోటయజమానులు ఎవరైన ఈ సభలో నున్నచో వారికి నా విన్నపము: రెండు మూడు గంటల కొకసారి పావుగంట విరామము, చెట్టునీడను ఒక తడిక చాటు. అంతకంటె చవుకయైన ఔషధము నా యొద్ద లేదు.

ఇక మొదటి హెచ్చరిక. రొమ్ములో ఒకచోట, తరచు ముక్కోణపు చీలికవలె, ఎరుపు, వేడి, గట్టిదనము, నొప్పి. నలుపు దేహచ్ఛాయ గలవారిలో ఎరుపు స్పష్టముగా కనబడదు. వేడియు నిగారింపును చేతికే తెలియవలెను. అప్పుడు ఇంటిలో మొదట వచ్చు ఆజ్ఞ, పాలు చెడిపోయినవి, ఆ ప్రక్క బిడ్డకు ఈయవద్దని. నా అనుభవమున ఇంతకంటె అనర్థదాయకమైన ఆజ్ఞ లేదు. వాచిన రొమ్మున పాలకు కొంచెము ఉప్పదనము వచ్చును, అందువలన బిడ్డ ముఖము త్రిప్పుకొనవచ్చును. కాని ఆ పాలు నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతుడగు బిడ్డకు హాని చేయవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2000 సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున పాలు కొనసాగింపుమని స్పష్టముగా చెప్పినది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున ఇదే వ్యాధిని గూర్చి చెప్పుచు, పచ్చిగా నున్నను, మండుచున్నను, పండినను, అన్ని అవస్థలయందును పాలను తీసివేయుచునే యుండవలెనని విధించియుండుట చూచి నేను ఆశ్చర్యపడితిని.

అయితే తీయుటలోను మితము వలయును. పాలు పూర్తిగా ఖాళీ కావలెనని గంటగంటకు పిండుట వలన రొమ్ము మరింత పాలు తయారుచేయుటకు పూనుకొనును. బిడ్డకు కావలసినంత, కావలసినప్పుడు ఇచ్చుటయే మేలు. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో సవరించిన సూచనలు ఈ మార్గముననే యున్నవి. అవి మన అవ్వల కాపడమును సైతము సందేహించుచున్నవి. తవుడుమూట, ఉప్పుమూట, వేడి యిటుక, ఇవి నొప్పికి హాయిగా తోచినను వాపును పెంచవచ్చునట. చల్లని తడిగుడ్డయో మంచుగడ్డ చుట్టిన గుడ్డయో మేలట. ముప్పది యేండ్లు కాపడమునే విధించిన నేను ఈ వాక్యమును చదివి కొంతసేపు నిట్టూర్చితిని. గూడెములో మంచుగడ్డ ఎక్కడ దొరకునని అడుగుదురేమో. కుండనీటితో తడిపిన గుడ్డ చాలును. వాపునకు ఐబూప్రొఫెన్, జ్వరమునకు పారాసెటమాల్, రెండును పాలిచ్చు తల్లి వాడదగినవే. మల్లెపూలు కట్టుట మాత్రము వేరు సంగతి. బిడ్డ పోయిన తల్లికి పాలు ఇంకిపోవుటకై మల్లెపూలు కట్టుట దక్షిణదేశమున పాత ఆచారము. 1988లో వేలూరు వైద్యులు పరీక్షించి దానియందు సత్యము గలదని ప్రకటించిరి. వాపునకు చలువ చేయునని పాలిచ్చు తల్లికి వానిని కట్టినచో పాలు తగ్గును.

రెండవ హెచ్చరిక, ఈ ఉపచారములు చేసినను ఒకటి రెండు దినములలో జ్వరము తగ్గకుండుట, ఎరుపు విస్తరించుట, చనుమొన పగిలి రసి కారుట. వణకుతో జ్వరము మిక్కుటమై తల్లి నీరసించి యున్నచో ఆ గడువునైన చూడరాదు. ఇక సూక్ష్మజీవినాశకమునకు జాగుచేయరాదు. ఏ మందైనను ఒకటే యనుకొనుట పొరపాటు. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నది స్టాఫిలోకాకస్ పెరుగుచున్న పళ్లెరములోనే; కాని పదునైదేండ్లు గడువకమునుపే ఆ బీజము పెన్సిలిన్‌ను తెగగొట్టు ద్రవ్యమును తయారుచేసికొనుట మొదలుపెట్టినది. నేడు ఒంటరిగా అమాక్సిసిలిన్ ఇచ్చుట పెక్కుమార్లు వ్యర్థము. ఆ ద్రవ్యమునకు లొంగని క్లాక్ససిలిన్ గాని, ఫ్లూక్లాక్ససిలిన్ గాని, సెఫలెక్సిన్ గాని, 500 మిల్లీగ్రాములు దినమునకు నాలుగు మారులు, పది మొదలు పదునాలుగు దినములవరకు వాడుట పరిపాటి. పెన్సిలిన్ జాతి పడనివారికి వేరు మందులున్నవి. వీనికి లొంగని బీజములు సైతము ఇప్పుడు ఊరూర నున్నవి గనుక, రెండు దినములలో గుణము కనబడకున్నచో పాలను గాని చీమును గాని పరీక్షకు పంపి మందు మార్చవలెను. అట్లు మార్చునప్పుడు సల్ఫా కలిసిన మాత్రలు వ్రాయువారు జాగ్రత్త పడవలెను; మలేరియా తరతరములుగా నున్న ప్రాంతములవారిలో కొందరి రక్తమునకు ఆ మందు పడదు, నెల నిండని బిడ్డలకు అసలే పడదు. ఆర్ఎంపీ వైద్యుడు ఇచ్చిన రెండు సూదులు, మూడు మాత్రలతో జ్వరము దిగగానే మానివేయుట మన పల్లెలలో మామూలు. గడ్డకు అంతకంటె కావలసినదేమున్నది? పైమంట చల్లారి, లోన పండుటకు తీరిక దొరకును.

ప్రసంగవశమున ఒక తెలుగువానిని స్మరింపకుండ నుండలేను. భీమవరములో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతియై యుండగా ఆరియోమైసిన్ వెలువడినది. 1948లో అది లోకమునకు తెలిసిన ఆ యేటనే ఆయన కన్నుమూసిరి. టెట్రాసైక్లిన్ జాతికంతకు అది మూలపురుషుడు. మనవాని మందు గదా యని బాలింతలకు మొదట దానినే వ్రాయవలెనని మాత్రము ఎవరును ఉత్సాహపడవద్దు. పాలిచ్చు తల్లికి ఆ జాతి మొదటి ఎన్నిక కాదు.

మూడవ హెచ్చరిక చీము. వ్రేళ్లతో నొక్కిన ద్రవము కదలవలెనని నా విద్యార్థిదశలో నేర్పిరి. ఇది పొట్టకో తొడకో సరిపోవును. రొమ్మునందు చీము లోతున అరలు అరలుగా నుండును. అది కదలునట్లు చేతికి తెలియునంతలో లోన చాలభాగము శిథిలమై యుండును. కావున మందు సరిగా వాడినను గట్టిదనము ఒకేచోట నిలిచియున్నచో, కదలికకై కాచియుండక అల్ట్రాసౌండు చేయింపవలెను. ఆ యంత్రము నేడు భద్రాచలముననే దొరకును. చర్లనుండియో వెంకటాపురమునుండియో వచ్చు తల్లికి అది ఒక దినపు ప్రయాణమే. 1965లో గోదావరిమీద వంతెన తెరచునంతవరకు ఇట్టి రోగిని కొత్తగూడెమునకు పంపుటకైనను పడవలో నది దాటింపవలసి వచ్చెడిదని పెద్దలు చెప్పగా వింటిని. దూరము నాటికిని నేటికిని ఒకటియే. నేడు సాకు మాత్రము తగ్గినది.

చీము కనబడిన వెంటనే కత్తి యనునది నా తరమువారి సూత్రము. రొమ్ముమీద చంద్రవంకవంటి కోత, లోన వ్రేలు పెట్టి అరలు చీల్చుట, గాజుగుడ్డ కుక్కుట, దినదినము ఏడ్పులతో కట్టు మార్చుట. ఆ కట్టు మార్చు గదిలోని కేకలు నాకిప్పటికిని వినబడుచుండును. 1988లో ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు డిక్సన్, పాలిచ్చు తల్లుల గడ్డలనుండి లావుపాటి సూదితో చీము లాగి, రెండు మూడు దినముల కొకమారు మరల లాగుచు, మందులు కొనసాగించినచో పెక్కురకు కోత అవసరము లేదని ప్రకటించెను. నేను మొదట నమ్మలేదు. నర్సమ్మ నమ్మినది, సూదియే గదా, చేసి చూడుడు, కత్తి ఎక్కడికిని పోదు గదా యని యన్నది. మత్తుమందుతో చర్మము మొద్దుబార్చి, అల్ట్రాసౌండు చూపు దారిలో సూది దింపిన ఆ తల్లి అదేనాడు బిడ్డ నెత్తుకొని ఇంటికి నడచిపోవును. చర్మము పలుచబడి నల్లబడినప్పుడు, గడ్డ మిక్కిలి పెద్దదైనప్పుడు, మరల మరల లాగినను నిండుచున్నప్పుడు కోత తప్పదు. అప్పుడైనను కోత చిన్నదిగా, నల్లని వలయమునకు దూరముగా నుండవలెను. ఇదియు సుశ్రుతసంహితలో నున్నదే: పాలు మోయు నాళములను, నల్లని చనుమొనను తప్పించి శస్త్రము దింపుమని. తప్పింపకున్నచో ఆ గాయమునుండి పాలు కారుచు మానకుండును. కోత పిదప లోన రబ్బరునాళము నుంచుట శస్త్రవైద్యుడు లిస్టరు నాటినుండి వచ్చుచున్నది. 1871లో విక్టోరియా రాణి చంకలోని గడ్డను కోసి ఆయన అట్టి నాళమునే పెట్టెను. రాణిగారి చంకకు జరిగిన మర్యాద మన మిరపకూలీకి జరుగరాదని ఏ శాస్త్రమునను లేదు. కోసిన రొమ్మునుండియు, బిడ్డ నోరు గాయమునకు తగులకున్నచో, పాలీయవచ్చును. రెండవప్రక్క ఎట్లును ఈయవలెను. పాలు ఇంకుటకు మాత్రలు ఇచ్చి ఒక్కసారిగా మాన్పించుట వలన గడ్డ త్వరగా మానునని భావించువారు నేటికిని కొందరున్నారు. దాని వలన పాలు పేరుకొనుట హెచ్చగును, బిడ్డ ఆకలి హెచ్చగును.

పాలులేని రొమ్మున వచ్చు గడ్డలను గూర్చి కొంచెము చెప్పి ముందుకు పోవుదును. చనుమొన క్రింద మరల మరల లేచు గడ్డకు పొగాకు పొగతో గట్టి సంబంధము గలదు; చుట్ట త్రాగు స్త్రీలు మన గోదావరి తీరమున తక్కువ కాదు గనుక ఈ మాట ఊరక పోరాదు. కోసిన గాయము నెలలతరబడి కారుచున్నచో క్షయను అనుమానింపవలెను. రొమ్మునకు క్షయ సోకునని 1829లో శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపరు వర్ణించెను. పాశ్చాత్యదేశములలో అది అరుదైనను మనదేశమున పడుచు తల్లులలో నేటికిని కనబడును, ఎన్ని కోతలు కోసినను మానదు, ఆరునెలల క్షయమందులతో మానును. ఆ మందులు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చును. చర్మము నారింజతొక్కవలె గుంటలుపడి, ఎరుపు రొమ్మంతయు ఆక్రమించి, జ్వరము లేకుండ, ఒక పర్యాయము మందులతో తగ్గకున్నచో అది రాచపుండు కావచ్చును. అట్టిదానికి చిన్న ముక్క తీసి పరీక్షింపక మరియొక చీటీ వ్రాయువాడు రోగి ఆయుర్దాయమును తన చేతులార ఖర్చుపెట్టుచున్నాడు. పాలిచ్చు తల్లికి రాచపుండు రాదను నమ్మకమునకు ఆధారము లేదు.

ఇక పసికందుల విషయము. పుట్టిన కొలదిదినములలో ఆడబిడ్డకైనను మగబిడ్డకైనను రొమ్ములు ఉబ్బి, ఒకటి రెండు చుక్కల పాలు రావచ్చును. తల్లి రక్తమునందలి రసములు బిడ్డలో మిగిలియుండుట వలన ఇట్లగును. కొన్ని వారములలో తనంతట తాను తగ్గును. ఆ పాలు పిండకున్నచో బిడ్డకు చేటని మంత్రసానులు, అవ్వలు స్నానము చేయించునప్పుడు పిండుట నేను కోయగూడెములలో ఎంత చూచితినో ఖమ్మము పట్టణపు మేడలలోను అంతే చూచితిని. నలిగిన ఆ మొగ్గలో చీము పట్టి, ఆ విషము రక్తమున కెక్కి పోయిన బిడ్డలున్నారు. బ్రతికిన ఆడపిల్లలలో కొందరికి యౌవనమున ఆ ప్రక్క రొమ్మే పెరుగదు. అవ్వలారా, మీ చేతులకు నమస్కరించి వేడుచున్నాను, ముట్టవద్దు.

ఆశా కార్యకర్తలు ఆసుపత్రిలో ప్రసవమైన తల్లి ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో పోవలెనని నియమము. బిడ్డను తూచుటకు, బొడ్డు చూచుటకు ఏర్పడిన ఆ ఆరు దర్శనములు, పాలగడ్డ పుట్టు ఆరువారములును ఒకటే యగుట కేవలము కాకతాళీయము. కాని దానిని వాడుకొనుటకు మనకు అడ్డేమి? నర్సమ్మ అడిగిన ప్రశ్ననే ఆరుమారులు అడిగినచో చాలును. మంచముమీద కూర్చుండబెట్టి గంభీరముగా అడుగనక్కరలేదు. నూకలు చెరుగుచుండగా, అంట్లు తోముచుండగా అడిగిన జవాబే నిజమైన జవాబు.

ఆమె చేయు పని మరియొకటి యుండెడిది. దానిని నేను ఏ గ్రంథమునందును చదువక మునుపే ఆమె చేయగా చూచితిని. మొదటి హెచ్చరికలోనున్న తల్లి వచ్చినప్పుడు, ఎరుపు ఎంతవరకున్నదో ఆ అంచు వెంబడి నీలిసిరా కలముతో చర్మముమీద గీత గీచి పంపెడిది. రేపు ఎరుపు గీత దాటినచో పరుగున రమ్మనెడిది. లోపలికి జరిగినచో పని చేసికొమ్మనెడిది. చదువురాని తల్లులకు ఇంతకంటె తేటయైన చీటీ ఎవరు వ్రాయగలరు? సిరా దొరకని గూడెములలో కాటుకతో గీయుమని మంత్రసానులకు నేర్పినది. ఆమె ఉద్యోగవిరమణకు ముందటి వానకాలమున, నది 48 అడుగులు దాటి దారులు మూసికొనిపోవగా, మునుగుచున్న యొక గూడెమునుండి పడవలో వచ్చిన బాలింతను ఆమెతో కలిసి రేవు మెట్లకడ దింపుకొంటిమి. జ్వరముతో కన్నులు మూతలుపడుచున్న ఆ పిల్ల, ఎవరును అడుగక మునుపే పైట కొంచెము తొలగించి చూపినది. అవ్వ గీచిన కాటుకగీత ఒకటి, దానికి వ్రేలెడు వెలుపల మరునాటిది ఇంకొకటి. ఎరుపు ఇంకను రెండవ గీతలోననే యుండెను.

నర్సమ్మ గొడుగు నా చేతి కిచ్చి, అక్కడనే మెట్లమీద కూర్చుండి, బిడ్డను అందుకొని ఆ ప్రక్కకే పట్టించినది.